నల్ల బీరులో ఇనుము

నవంబర్ 4, సోమవారం

పలాసలో రైలు దిగి, మందస బస్సెక్కి, అక్క వాళ్ళ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సంతోషక్క కుడిచేతికి సిమెంట్ కట్టు. కొబ్బరి డొక్కల కుప్ప మీద జారిందట. ఆ చేత్తో స్కూటీ నడపలేదు కాబట్టి బావని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళే పని ఇక నాది. ఈ రోజుకి పక్కింటి అసిరయ్య ఆటోలో తీసుకెళ్ళి తెచ్చాడు.

"ఏటిరా, అలా సిక్కిపోనావు?" అంది అక్క, నన్ను చూడగానే.

జిమ్‌కి వెళ్తున్నానని చెప్పాను. జిమ్ముకెళ్ళి ఏడాదైంది.

సంచీలో బట్టలకంటే సీసాలే ఎక్కువ. మా బ్రూవరీలో హిమజ చేసిన ఓట్స్ స్టౌట్, అంటే నల్ల బీరు. తడి గోనెపట్టా చుట్టి వంటింటి మూలన పెట్టాను. అక్క వాటికేసి చూసి, "కార్తీక మాసంరా బాబూ, ఇంట్లో ఇదేటి?" అంది. నా ఉద్యోగం అన్నాను. "అందరికీ ఉద్యోగాలున్నాయి, ఎవలూ ఇంటికి మోసుకురారు" అంది.

తర్వాత గొడవలొస్తాయి కాబట్టి ఇది రాసి పెట్టుకోవాలి. హిమజ నా దగ్గర మూడేళ్ళుగా పని నేర్చుకుంటోంది. ఇక్కడికి దగ్గరే, నందిగాం పిల్ల. వాళ్ళ నాన్నకి ఇప్పటికీ జూస్ కంపెనీలో చేస్తున్నానని చెప్పింది. ఈ స్టౌట్ ఆమె సొంతంగా చేసిన మొదటి బీరు. మొన్న బ్రూవరీలో అందరం రుచి చూశాం. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం ఇనుము తగిలింది. ఓనరు జగదీష్ గారు నా మాట మీద బీరు ఆపేశారు. "సీసాలు తీసుకెళ్ళు హేమంత్, తీరిగ్గా చూడు. బయటికి వదలాలా, పారబొయ్యాలా, నువ్వు చెప్పిందే ఫైనల్" అన్నారు. ట్యాంకు ఖాళీ కావాలి. వచ్చేవారంలోగా చెప్పెయ్యాలి.

ఇనుము ఉంది. నేను పదహారేళ్ళుగా ఈ నాలుకతోనే బతుకుతున్నాను.

నవంబర్ 6, బుధవారం

తెల్లారకుండానే బావని బండి మీద ఎక్కించుకుని బయల్దేరాను. పోలారావు బావ ఒకప్పుడు కొబ్బరిచెట్టు ఎక్కితే చెట్టే ఊగేది. ఇప్పుడు వెనక కూర్చుంటే మనిషి ఉన్నట్టే తెలియలేదు. మధ్యలో రెండుసార్లు "బావా, ఉన్నావా?" అని అడిగాను. "ఎక్కడికెల్తాన్రా, నువ్వు పడీకపోతే ఇక్కడే ఉంటాను" అన్నాడు.

ఆసుపత్రి వరండాలో జనం ఒకళ్ళనొకళ్ళు తిన్నారా, తాగారా అని అడగరు. "క్రియాటిన్ ఎంతుంది?" అని అడుగుతారు. కిడ్నీలు ఎంత పాడైతే ఆ అంకె అంత పెరుగుతుంది. ఆయన తన అంకె చెప్పి మళ్ళీ ఎదటివాళ్ళ అంకె అడుగుతాడు. పిల్లల మార్కులు అడిగినట్టే అడుగుతారు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

బయట టీ తాగాను. టీలో కూడా ఇనుము. ఇక్కడి నీళ్ళంతే. చిన్నప్పుడు తాగాం కాబట్టి తెలిసేది కాదు. ఇరవై ఏళ్ళుగా విశాఖ నీళ్ళు తాగుతున్నాను, నాకిప్పుడు తెలుస్తుంది.

ఇంటికొచ్చాక అక్క చారు పోసింది. గరిటె తుప్పు పట్టినట్టుంది అన్నాను. అక్క గరిటె వైపు చూసింది, నా వైపు చూసింది. రాత్రి అన్నంలోకి చెక్క తెడ్డు తీసింది.

నవంబర్ 7, గురువారం

సాయంత్రం వెలుతురు ఉండగానే పెరట్లో కూర్చున్నాను. గ్లాసు వేన్నీళ్ళతో కడిగి ఆరబెట్టాను. సీసాని కాసేపు నూతి నీళ్ళ బకెట్లో ఉంచాను, ఆ చల్లదనం చాలు. స్టౌట్‌ని మంచులో పెడితే దాని నోరు నొక్కేసినట్టే.

రంగు: నలుపు. ఎండకి ఎత్తి పట్టుకుంటే అంచున ఎర్రజీర.
నురుగు: గోధుమరంగు, చిక్కన, వేలెడు ఎత్తు. తొందరగా దిగలేదు.
వాసన: కాల్చిన గింజ, కాఫీ పొడి, వాటి వెనక బెల్లం పాకం.
నోట్లో: ఓట్స్ వేసినందుకు మెత్తగా జారాలి. జారుతోంది.
రుచి: ఇనుము. మొదటి గుక్కకి ముందు నుంచే ఇనుము.

ఇనుముని పట్టుకోవడానికి మా వాళ్ళు చేసే పని ఒకటుంది. చుక్క బీరు చేతి వెనక రుద్ది వాసన చూస్తాం. నిజంగా ఇనుముంటే చర్మం మీద రక్తం వాసన వేస్తుంది. రుద్దాను. వాసన రాలేదు. ఇంకో చేతికి రుద్దాను. రాలేదు. సముద్రం వైపు నుంచి గాలి ఎక్కువగా ఉంది, ఈ గాలికి ఏ వాసన నిలుస్తుంది.

సగం గ్లాసు పారబోశాను. నేను బీరు పారబొయ్యడం అక్క చూసింది.

నవంబర్ 8, శుక్రవారం

పలాస వెళ్ళొచ్చాం. చెప్పులు బిగుసుకుపోయి పాదాల మీద వారు ముద్రలు పడ్డాయి. కొత్త చెప్పులు అంతే.

నవంబర్ 9, శనివారం

హిమజ ఫోన్ చేసింది.

"సార్, నీళ్ళు మళ్ళీ టెస్ట్ చేయించాను. ఐరన్ లేదు. గాస్కెట్లు మార్చాను. పైపులు విప్పి చూశాను. పేరు చెప్పకుండా గ్లాసుల్లో పోసి మనవాళ్ళందరికీ ఇచ్చాను. ఎవరూ ఇనుము అనలేదు సార్."

"అందరి నాలుకా ఒకటి కాదమ్మా" అన్నాను. గర్వంగానే అన్నాను.

"మీ నాలుక మీద నాకు అనుమానం లేదు సార్. నాకు బీరంటే ఏటో తెలిసింది మీ దగ్గరే. మీరు కాదంటే కాదు" అంది. విశాఖలో మూడేళ్ళున్నా కంగారుపడితే 'ఏటి' వచ్చేస్తుంది ఆ పిల్లకి.

ఆమె వాదిస్తే బాగుండేది. వాదిస్తే కోప్పడేవాణ్ణి, అక్కడితో అయిపోయేది.

ఈ బీరు పారబోస్తే ఓనరు ఆమెకి మళ్ళీ ట్యాంకు ఇవ్వడు. అది నాకు తెలుసు. తెలిసినంతమాత్రాన ఉన్న ఇనుము లేదని ఎలా చెప్తాను?

నవంబర్ 10, ఆదివారం

పొద్దున్న దొడ్లో ఒంటికి వెళ్తే నురుగు. దాని గురించి రాయను.

నవంబర్ 11, సోమవారం

ఈ రోజు జరిగింది రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పలాస నుంచి వచ్చాక బావ బాగా పడుకున్నాడు. సాయంత్రం లేచి, మొహం కడుక్కుని, పెరట్లో నా పక్కన మంచం మీద కూర్చున్నాడు. మిషను మీద నుంచి లేచిన రోజు సాయంత్రం అతను కాస్త పాత పోలారావులా ఉంటాడు. పక్కన అతని నీళ్ళ సీసా ఉంది. రోజుకి అంతే. అక్క దాని మీద గోళ్ళ రంగుతో గీత గీసింది, గులాబీ రంగు గీత. గొంతు ఎండితే ఆ గీత చూస్తాడు, మూత బిగిస్తాడు.

నేను కొత్త సీసా తెరిచాను. బావ గ్లాసు అడిగి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఒక సెంచా ఇయ్యరా" అన్నాడు.

"అక్క చంపేస్తుంది."

"మీయక్క గుడికెల్నాది. సెంచాడే. నా వాటాలోంచి తీసెయ్" అని, తన సీసా మూత తీసి, చెంచాడు నీళ్ళు కొలిచి, బంతి మొక్క మొదట్లో పోశాడు. ఇంక కాదనలేకపోయాను.

చెంచాడు బీరు నోట్లో పెట్టుకుని ఎంతకీ మింగలేదు. కళ్ళు మూసుకున్నాడు. నోట్లో తడి తగలడమే అతనికి పండగ. మింగాక పెదాలు తుడుచుకోలేదు, నాక్కున్నాడు.

"సోడంబలిరా" అన్నాడు. రాగి అంబలిని మా వైపు అలా అంటారు. "అంబలి మాడితే కుండ అడుగున ఉంటాది సూడు, అలగుంది. ఎనకాతల జీడిపిక్కలు కాల్సిన వాసనొస్తంది. సేదుంది గానీ బాగుంది. ఇదేటి, దీన్నా పారబోత్తన్నావు?"

"ఇనుము తగల్లేదా?"

"ఇనుమేటి?"

"ఇనుము బావా. పాత మేకు నోట్లో పెట్టుకున్నట్టు."

బావ నా మొహంలోకి చూశాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఇందులో లేదురా. ఇనుమంటే నాకు తెల్దా? సేన్నాళ్ళు నోట్లో పెట్టుకు తిరిగినాను. మీయక్క నెత్తళ్ళ కూర వొండితే, మూకుడు తుప్పట్టిందని మూకుడట్టుకెల్లి జీడితోటలోకి ఇసిరేసినాను. కొత్త గిన్నె కొన్నాది. అందులోనూ అదే. నుయ్యి పాడైపోనాదని బోరు నీల్లు తెప్పించినాను. అవీ అలగే ఉన్నాయి. టీ కొట్టోడితో తగువాడినాను. ఊరందరికీ బాగున్న కూడు నాకొక్కడికే బాగోలేదంటే, ఊరంతా తప్పన్నాను గానీ నా నోరు సూసుకోలేదు. సూసుకునేసరికి మిసనెక్కించీసినారు."

నేను గ్లాసు నా వైపు జరుపుకున్నాను.

"ఈ పూట మిసను మీంచి లేసినాను కాబట్టి నోరు కడిగినట్టుంది. రేపైతే నాకూ తెల్దు." ఆగి, నెమ్మదిగా అడిగాడు. "నీకెన్నాల్లైనాదిరా?"

అప్పుడు నేనన్న మాటలు రాస్తున్నాను. "నేను ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి నీళ్ళు తాగలేదు. నీ జబ్బు నాకంటగట్టకు. నా పనేమిటో నీకు తెలుసా? చెంచాడు తాగి నాకు రుచి నేర్పుతావా?"

బావకి కోపం రాలేదు. తన నీళ్ళ సీసా తీసుకుని లోపలికి వెళ్ళాడు. గ్లాసులో నురుగు దిగిపోయేదాకా కూర్చుని, మొత్తం బంతి మొక్కకే పోశాను.

సిగ్గుగా ఉంది. కోపంగా కూడా ఉంది. రెండిట్లో ఏది ఎక్కువో తెలియడం లేదు.

నవంబర్ 12, మంగళవారం

జగదీష్ గారికి ఫోన్ చేసి చెప్పేశాను. పారబొయ్యమన్నాను. నీళ్ళలో తేడా ఉంది, అమ్మితే పేరు పోతుందన్నాను. సరే, రేపు ట్యాంకు ఖాళీ చేయిస్తానన్నారు.

నాలుక ఉన్నవాడు నాలుక చెప్పింది చెప్పాలి. తప్పేముంది.

రాత్రి నుంచి ఒళ్ళు దురద. ఈ ఊళ్ళో దోమలు.

నవంబర్ 13, బుధవారం

దార్లో బావతో మాట్లాడలేదు. బావే, "గేదుంది, నెమ్మదిగా పో" అన్నాడు. అంతే.

బావని లోపలికి తీసుకెళ్ళాక, ల్యాబు కిటికీ దగ్గర కూర్చునే రజని అనే అమ్మాయి కేకేసింది. "హేమంత్ అంటే ఎవలండీ?" నేనే అన్నాను. "రండి, రత్తం తియ్యాలి. పోలారావు మావ మీ పేరు రాయించినాడు."

ఎప్పుడు రాయించాడు? సోమవారమే రాయించాడట. నేనతన్ని ఆ మాటలు అనక ముందే, చెంచాడు బీరు తాగక ముందే. వాచిన నా పాదాల మీద చెప్పుల ముద్రలు చూశాడేమో, నా గరిటె మాట విన్నాడేమో, నాకు తెలియదు.

వెళ్ళిపోదామని లేచాను. గేటు దాకా వెళ్ళాను. టీ కొట్టుకి వెళ్ళి టీ అడిగాను. ఒక గుక్క తాగాను. ఇనుము. పక్కన నిలబడ్డ పెద్దాయన అదే కెటిల్లోంచి పోసిన టీ తాగి, ఇంకోటి పొయ్యమన్నాడు. అతను ఆ రెండో టీ తాగడం చూస్తూ నిలబడ్డాను. తర్వాత వెనక్కి వచ్చి రజని ముందు చెయ్యి చాపాను.

కాగితం మధ్యాహ్నం ఇచ్చారు. అంకె ఇక్కడ రాయను. బావకి మొదటిసారి వచ్చినదానికంటే ఎక్కువ.

వరండాలో జనం మధ్య కూర్చున్నాను. పక్కనున్న ముసలామె, పేరు పెద్దతల్లి, అడిగింది. "ఎంతుంది బాబూ?" చెప్పాను. బయటికి చెప్పిన మొదటిసారి అదే. "మందేసుకో, దిగుతాది" అని తన సంచీలోంచి పటికబెల్లం ముక్క తీసిచ్చింది. అదీ ఇనుమే. చప్పరించాను.

అప్పుడు బీరు గుర్తొచ్చింది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.

"హిమజా, ట్యాంకు ఖాళీ చేశారా?"

"చేస్తున్నాం సార్. వాల్వు నేనే తిప్పాను." గొంతు బొంగురుగా ఉంది. ఏడ్చిన గొంతు.

"ఆపెయ్. వెంటనే కట్టెయ్."

అరిచిన చప్పుడు, పరిగెత్తిన చప్పుడు. చాలాసేపటికి మళ్ళీ ఫోన్ ఎత్తింది. "సగం పైనే పోయింది సార్. ఏటైనాది?"

"బీరు బాగుంది. అందులో ఇనుము లేదు. ఓనరుకి నేను చెప్తాను. నా నోరే బాగోలేదు."

విశాఖలో ఇంకెవరైనా అయితే జలుబా అనేవాళ్ళు, కోవిడా అనేవాళ్ళు. ఆ పిల్లది నందిగాం. ఈ జబ్బు చూస్తూ పెరిగింది. వెంటనే అడిగింది.

"క్రియాటిన్ ఎంతొచ్చింది సార్?"

నాకప్పుడు ఏడుపొచ్చింది. వరండాలో అందరి ముందూ ఏడ్చాను. అక్కడ ఎవరూ వింతగా చూడరు.

నవంబర్ 14, గురువారం

అక్కకి ఎలా చెప్పాలా అని రాత్రంతా మాటలు పేర్చుకున్నాను. పొద్దున్న ఆమె ఎడంచేత్తో కొబ్బరి కోరుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"అక్కా, నిన్న పలాసలో" అన్నాను.

"తెలుసు."

"బావ చెప్పాడా?"

"మీ బావ సెప్పలేదు. గరిటె తుప్పట్టిందన్నావు సూడు, ఆ రోజే తెలిసింది. అది స్టీలు గరిటె." కోరడం ఆపలేదు. "ఈ ఇంట్లో అదే మాట ముందే ఓపాలి ఇనేసినాను."

"మరి చెప్పలేదేం?"

"ఎలాగ సెప్పీదిరా? సెక్క తెడ్డేసి సూసినాను, అప్పుడైనా బాగుందంటావేటోనని." కట్టు చేతిని నా తల మీద పెట్టింది. సిమెంటు చల్లగా, బరువుగా ఉంది. కోరిన కొబ్బరంతా అలాగే ఎండిపోయింది, మధ్యాహ్నం పచ్చడి చెయ్యలేదు.

జగదీష్ గారికి చెప్పాను. ఆయన మంచివాడే. ముందు ఆరోగ్యం చూసుకో అన్నారు. తర్వాత, "మరి మన టేస్టింగ్ ఎవరు చేస్తారు?" అన్నారు. హిమజ అన్నాను. ఆలోచిస్తానన్నారు. ఆలోచించడానికి ఏమీ లేదు, ఆమె నాలుక నాదానికంటే మంచిదన్నాను. అది నిన్నటిదాకా నేను ఒప్పుకోని మాట.

ఇక్కడి డాక్టరు విశాఖలో పెద్ద డాక్టరుకి రాసిచ్చారు. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చట. ఎంతకాలమో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. బీరు వైపు చూడొద్దన్నారు. పదహారేళ్ళ ఉద్యోగం ఆ ఒక్క మాటతో అయిపోయింది.

నవంబర్ 15, శుక్రవారం. పున్నమి

మిగిలిన బీరు రేపు బయటికి వదులుతున్నారు. హిమజ మెసేజ్ పెట్టింది. బార్లో బోర్డు మీద బీరు గురించి నాలుగు ముక్కలు రాస్తాం, ఎప్పుడూ నేనే రాసిస్తాను. "ఇది కూడా మీరే రాయాలి సార్. మీరు రాస్తేనే పెడతాను."

నువ్వే రాయమని జవాబిచ్చాను. "మీరే" అని మళ్ళీ పెట్టింది.

సాయంత్రం అక్క అరటి దొప్పల్లో దీపాలు సర్దుకుంటోంది. బావ మిషను మీంచి వచ్చి, పడుకుని లేచి, పెరట్లో మంచం మీద ఉన్నాడు. ఒకే ఒక్క సీసా మిగిలింది. అది తీసుకుని అతని ముందు కూర్చున్నాను.

"బావా, మొన్న నేనన్నది" అన్నాను.

"నేనన్నవి మీయక్క మర్సిపోలేదేటి? నువ్వన్నవీ అంతే. పొయ్యి."

గ్లాసులో పోశాను. బావ తన సీసా మూత తీసి, చెంచాడు నీళ్ళు కొలిచి మొక్కకి పోశాడు. అక్క అటు తిరిగి వత్తులు చేసుకుంటోంది. ఈసారి గుడికి వెళ్ళలేదు. అంతా చూస్తూనే, "కార్తీక పున్నం నాడు కూడానా" అని మాత్రం అంది.

ఆఖరుసారి నేనూ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన ఇంకా దొరుకుతోంది. నాలుక కొసకి తగిలించాను. ఇనుము. ఊసేసి నోరు పుక్కిలించాను.

బావ చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. అతను ఒక్కో ముక్కా ఆగి ఆగి చెప్పాడు. మధ్యలో, "సరిగా రాయి, ఆ పిల్ల పేరు పోతాది" అన్నాడు. రాసింది చదివి వినిపించాను. "అంతే, అలగే పంపు" అన్నాడు. హిమజకి పంపినది ఇదే.

రంగు: నలుపు, అంచున ఎర్రజీర.
నురుగు: చిక్కన, నిలకడగా ఉంటుంది.
వాసన: కాఫీ పొడి, బెల్లం పాకం.
రుచి: మాడిన చోడంబలి. వెనకాతల కాల్చిన జీడిపిక్క. చేదుంది గానీ బాగుంది.
ఇనుము లేదు.